ఆకాశానికి కళ్ళజోడు

ఆ ఎండాకాలం నేను రెండు ఉద్యోగాలు చేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా కళ్ళజోళ్ళ షాపులో వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేసి నంబరు రాసివ్వడం మొదటిది. మామయ్యకీ అత్తయ్యకీ మధ్య మాటలు మొయ్యడం రెండోది. మొదటిదానికి చదువుకున్నాను. రెండోది నెత్తిన పడింది.

"అమ్మాయీ, టీలో చక్కెర తక్కువైందని మీ అత్తయ్యతో చెప్పు," అనేవారు మామయ్య. అత్తయ్య ఆయనకి మూరెడు దూరంలో కూర్చుని ఉండేది.

"చక్కెర డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉందని మీ మామయ్యతో చెప్పు."

"తక్కువైందట. పక్కనే ఉందట," అని ఇద్దరికీ ఒకేసారి అప్పజెప్పేదాన్ని. ఎప్పుడైనా విసుగు పుట్టి నోరు మూసుకుంటే ఇద్దరూ కలిసి నా వైపు చూసేవాళ్ళు, ఉత్తరాల సంచీ తలకింద పెట్టుకుని నిద్రపోయిన పోస్ట్‌మాన్‌ని చూసినట్టు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

వాళ్ళు మాట్లాడుకోవడం మానేసి అప్పటికి రెండు నెలలు. కారణం నలుగురిలో చెప్పుకునేంత పెద్దది కూడా కాదు.

మామయ్య నలభై ఏళ్ళు అద్దాలు చేత్తో అరగదీశారు. షాపు వెనక గదిలో కాలితో తొక్కే చక్రం ఉంది. గోడకి వరసగా మేకులు, మేకులకి ఇనప అచ్చులు. ఏ నంబరు అద్దం కావాలంటే ఆ ఒంపున్న అచ్చు తీసి, తడిపిన రాతిపొడి చల్లి, దాని మీద గాజుబిళ్ళని గంటల తరబడి రుద్దాలి. అచ్చులో ఉన్న ఒంపు గాజుకి వస్తుంది. ఏ మేకుకి ఏ అచ్చుందో ఆయనకి చూడకుండానే తెలుసు. చెయ్యి చాపగానే అందే మొదటి మేకుకి మాత్రం ఎప్పుడూ అత్తయ్య అచ్చే ఉండేది. అత్తయ్య కళ్ళకి పుట్టుకతోనే ఒక పెంకితనం. చుక్కని చూస్తే గీతలా సాగి కనపడుతుంది. అది సరికావాలంటే అద్దం అన్ని వైపులా ఒకేలా కాకుండా ఒక పక్కకి రవ్వంత ఎక్కువ ఒంపు తిరగాలి. ఆ అచ్చుని మామయ్య పెళ్ళైన కొత్తలో తనే చేసుకున్నారట.

షాపులో ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఆయన అరగదీసిన ప్రతి అద్దం ముందు అత్తయ్య చేతికి వెళ్ళేది. ఆవిడ దాన్ని వెలుగుకి ఎత్తి పట్టి, అటూ ఇటూ తిప్పి, "మూల మసక" అనో "సరే" అనో అనేది. ఆవిడ సరే అంటేనే అద్దం ఫ్రేములోకి ఎక్కేది. మొహమాటం ఆవిడ ఒంట్లో లేదు. నేను వండిన కూర బాగుందని ఆవిడ ఏడేళ్ళలో రెండుసార్లు అంది. ఆ రెండు రోజులూ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి.

చలికాలం చివర్లో మా ఆయన కంప్యూటరు మిషను తెచ్చి షాపు ముందు భాగంలో పెట్టాడు. మొదటి కళ్ళజోడు వాళ్ళమ్మకి చెయ్యాలని ముచ్చటపడ్డాడు. నేను ఆవిడ కళ్ళు పరీక్ష చేసి నంబరు ఇచ్చాను. మిషను పదకొండు నిమిషాల్లో అద్దాలు దించింది. అత్తయ్య పెట్టుకుంది. షాపు నిండా జనం. ఆవిడ అక్షరాల చార్టు వైపు చూసి, వీధిలోకి చూసి, గట్టిగా అంది: "అబ్బ! ఇన్నేళ్ళకి లోకం సరిగ్గా కనపడుతోంది!"

మామయ్య స్టూలు మీంచి లేచి, చేతులు కడుక్కుని, మేడ మీదకి వెళ్ళిపోయారు. వెనక గది తలుపు ఆ రోజు మూతపడింది. ఆవిడతో మాటలూ ఆ రోజే ఆగిపోయాయి.

ఇక్కడ నా సంగతి ఒకటుంది. అత్తయ్య పాత కళ్ళజోడు నాలుగేళ్ళ కిందటిది. ఈలోగా, ఆ గీతల పెంకితనం అలాగే ఉన్నా, ఆవిడ దూరపు నంబరు కొంచెం మారింది. కొత్త నంబరుకి అద్దాలు ఎవరు చేసినా బాగానే కనపడతాయి, మిషనైనా, మామయ్యైనా. పరీక్ష చేసినప్పుడే నాకు తెలుసు. అప్పుడే నోరు విప్పి ఉంటే సరిపోయేది. కానీ మిషను కొందాం, కొందాం అని ఏడాదిపాటు మా ఆయన్ని పోరింది నేను. దానికి అంత పేరొస్తుంటే మధ్యలో అడ్డం పడబుద్ధి కాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది.

అలాంటి రోజుల్లో షాపుకి రాయి కబురొచ్చింది.

కబురు తెచ్చింది రిటైరైన సైన్సు మాష్టారు. ఆయన ఏడాదికోసారి కళ్ళజోడు కొంటారు, రోజుకోసారి మా షాపులో పేపరు చదువుతారు. ఆ పొద్దున పేపరు మడిచి మోకాలి మీద కొట్టి, "ఇరవై రెండో తారీకు సాయంత్రం ఏడున్నర దాటాక! ముప్పై మీటర్ల గ్రహశకలం! మనం పైకి పంపిన ఉపగ్రహాల కంటే దగ్గరగా పోతుందట!" అన్నారు.

పక్క షాపు టైలరు అప్పుడే తన కొత్త కళ్ళజోడు తీసుకోవడానికొచ్చాడు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నవాడల్లా తీసి బల్ల మీద పెట్టేశాడు. "అయితే ఇరవై మూడున తీసుకుంటాలెండి."

"తగలదయ్యా! పక్కనించి పోతుంది," అన్నారు మాష్టారు.

"పోనివ్వండి. పోయాకే తీసుకుంటాను. తగిలితే ఈ కళ్ళజోడుతో నేను చూసేదేముంది?"

వాదన బాగానే ఉందనిపించి మాష్టారు కూడా కాసేపు ఆలోచనలో పడ్డారు. ఆ వారంలో ఇంకో ఆరుగురు "అది దాటాక వస్తాం" అని వెళ్ళిపోయారు. మా ఆయన తల పట్టుకున్నాడు.

"చూడటానికి భలే ఉంటుంది. మామూలు కంటికి ఆనదు, చిన్న టెలిస్కోపు ఉంటే చాలు," అన్నారు మాష్టారు.

"టెలిస్కోపెందుకండీ? ఫోన్లో లైవు ఇస్తారుగా," అన్నాడు మా ఆయన.

మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మామయ్య కళ్ళు తెరిచారు.

"ఏమిట్రా? అద్దాలు చేసేవాడింట్లో పుట్టి ఆకాశాన్ని ఫోన్లో చూస్తావా?"

"అది కాదు నాన్నా..."

"నోర్ముయ్. గొట్టానికి అటొక అద్దం, ఇటొక అద్దం. అంతే కదండీ మాష్టారూ?"

"అంతేనండీ."

మామయ్య లేచి వెనక గది తలుపు తోశారు. రెండు నెలలుగా మూసిన తలుపు కిర్రుమంది. మేడ మీద గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఆగింది.

ఆ తర్వాత మూడు వారాలు నా రెండో ఉద్యోగం జోరందుకుంది. చక్రం తిరిగే చప్పుడు వినపడగానే అత్తయ్య టీవీ గొంతు తగ్గించేది. ఆ చప్పుడు ఎందుకో నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. కానీ గంటకోసారి కబురు మాత్రం వచ్చేది.

"రాతిపొడి చేతులతో కళ్ళు నులుముకోవద్దని మీ మామయ్యతో చెప్పు."

వెనక గదిలోకి వెళ్ళి చెప్పేదాన్ని. ఆయన చక్రం ఆపకుండానే, "చిన్నపిల్లాణ్ణి కానని చెప్పు," అనేవారు. నేను వెనక్కి తిరిగేలోగా చేతులు కడుక్కునేవారు.

ప్లంబరు దగ్గర్నుంచి ప్లాస్టిక్ గొట్టం వచ్చింది. ముందు వైపు పెద్ద అద్దం వారంలో అయింది. కంటి వైపు చిన్న అద్దం మాత్రం ఆయన్ని నానా తంటాలు పెట్టింది. దానికి ఒక పక్క బాగా ఉబ్బెత్తుగా, ఇంకో పక్క బల్లపరుపుగా ఉండాలట. ఉబ్బెత్తు పక్క వారం రోజులు రుద్దారు. బల్లపరుపు పక్క ఒక్క రోజులో ముగించి, తుడిచి, వెలుగుకి పట్టి చూసి, అలవాటుగా అరిచేతిలో పెట్టుకుని మేడ మెట్ల దాకా వెళ్ళారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. అక్కడే కాసేపు నిలబడ్డారు. పైన అత్తయ్య దగ్గు వినపడింది. ఆయన కాలు వెనక్కి తీసుకుని వచ్చి అద్దం నా చేతిలో పెట్టారు.

"నువ్వు చూడు."

నాకు మనుషుల కళ్ళు చూడటం వచ్చుగానీ అత్తయ్యలా అద్దాన్ని ఉత్త చేతుల్తో పట్టుకుని తప్పు చెప్పడం రాదు. నా బల్ల మీదున్న, అద్దం నంబరు చూసే చిన్న మిషనులో పెడితే నిమిషంలో తేలిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఇంట్లో ఆయన ఎదుట మిషను అన్న మాట ఎత్తే దమ్ము ఎవరికుంది?

"బాగుంది మామయ్యా," అన్నాను.

"మీ అత్తయ్య అంత తొందరగా చెప్పదు," అన్నారు. అని నాలిక కరుచుకున్నారు.

గొట్టం బిగించాక పగలే డాబా మీంచి దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు మీద అక్షరాలు చూశారు. అక్షరాలు కొంచెం అలుక్కుపోయినట్టున్నాయన్నారు. ఎండ వేడికి గాలి ఆడుతోందన్నాడు మా ఆయన. నావి ముసలి కళ్ళులే అన్నారు మామయ్య. రాత్రి చుక్కల మీద పెట్టి చూద్దామంటే వరసగా అయిదు సాయంత్రాలు మబ్బు. ఇరవై రెండో తారీకు మధ్యాహ్నానికి గానీ ఆకాశం తెరిపివ్వలేదు.

ఆ సాయంత్రం ఏడుకల్లా మా డాబా నిండిపోయింది. మాష్టారు పేపరులో వేసిన పటం కత్తిరించి అట్టకి అంటించుకుని తెచ్చారు. టైలరు రానంటూనే అందరికంటే ముందొచ్చి, డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబడ్డాడు. రాయి తగిలితే ముందు ట్యాంకుకే తగులుతుందని వాడి లెక్క. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పెళ్ళిళ్ళకి తప్ప ఆ చొక్కా బయటికి తియ్యరు.

"మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కొద్దని మీ అత్తయ్యతో చెప్పు," అన్నారు నాతో.

కిందకి వెళ్ళి చెప్పాను.

"ఎవరికి కావాలి? ఆ రాయిని నేను చూడనని చెప్పు," అంది అత్తయ్య. కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది.

ఏడూ నలభైకి మాష్టారు వేలు చూపించారు. "అదిగో ఆ పెద్ద చుక్క. దాని పక్కకి తిప్పండి. ఇప్పుడే వస్తుంది." మామయ్య గొట్టం తిప్పారు. మొదటి చూపు మాష్టారిది. కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, "కదులుతోంది!" అని అరిచారు. డాబా అంతా చప్పట్లు. మామయ్య మీసం సవరించుకున్నారు.

తర్వాత టైలరు చూశాడు. "అదేంటండీ, కుట్టుసూదిలా ఉంది?"

"సూదా?"

"సూదేనండీ. నిలువుగా. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, సూదిని నేను గుర్తుపట్టనా?"

"గ్రహశకలాలు అన్ని ఆకారాల్లోనూ ఉంటాయి. ఇది పొడుగు రకం కాబోలు," అన్నారు మాష్టారు. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళూ చూసి అగ్గిపుల్ల అన్నారు, గోరు అన్నారు, మేకు అన్నారు. నేనూ చూశాను. గీతే. సాక్షాత్తూ గీత. రోజుకి పదిమంది నా ముందు కూర్చుని చుక్కలు గీతల్లా కనపడుతున్నాయంటే వాళ్ళకేం చెప్పాలో నాకు తెలుసు. ఆ సాయంత్రం మాత్రం నేను కూడా మాష్టారి మాట పట్టుకుని ఆకాశాన్ని అనుమానించాను.

మా ఆయన గొట్టాన్ని కొంచెం జరిపి చూసి, నెమ్మదిగా అన్నాడు. "నాన్నా, పక్కనున్న చుక్కలూ సూదుల్లాగే ఉన్నాయి."

మామయ్య వంగి చాలాసేపు చూశారు. లేచి, తన రెండు చేతుల వైపు చూసుకున్నారు.

"అద్దం పాడైంది," అన్నారు. "చేతులు పోయాయి. ఇంక నాతో కాదు. అందరూ ఫోన్లో చూసుకోండి." భుజం మీద తువ్వాలు తీసి గొట్టం మీద కప్పబోయారు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆ రాయేదో వచ్చి తగిలినా బాగుండేదనిపించింది.

"నన్నోసారి చూడనివ్వమని మీ మామయ్యతో చెప్పు."

అత్తయ్య మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది, రొప్పుతూ. ఎప్పుడెక్కి వచ్చిందో. ఆయనకి వినపడింది, అందరికీ వినపడింది. అయినా నా ఉద్యోగం నేను చేశాను. "అత్తయ్య చూస్తుందట మామయ్యా." ఆయన పక్కకి తప్పుకున్నారు.

ఆవిడ మిషను కళ్ళజోడు తీసి నాకిచ్చింది. గొట్టానికి కన్ను ఆనించింది. నలభై ఏళ్ళుగా ఏ అద్దాన్నైనా ఎలా చూస్తుందో అలాగే, చివర బిళ్ళని అటూ ఇటూ తిప్పింది. కొంచెం లోపలికి నొక్కింది. మళ్ళీ తిప్పింది. ఆగింది.

"గీతెక్కడుంది? చుక్కే కదా."

మాష్టారు జాలిగా నవ్వారు. మా ఆయన నా వైపు చూశాడు. పాపం అమ్మ, అన్నట్టుంది ఆ చూపు.

మామయ్య ఒక అడుగు ముందుకేశారు. "నా మొహం చూసి చెప్పకు. నిజం చెప్పు."

మీ అత్తయ్యతో చెప్పు అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు.

అత్తయ్య కన్ను తియ్యకుండానే అంది. "ఉన్నదున్నట్టు చెప్పాననే కదా ఇన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు? ఇవాళ ఈ డాబా మీద కొత్తగా అబద్ధాలు నేర్చుకుంటానా?"

మామయ్య చేతిలోని తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నారు.

ఆయన అడిగారు. "అంచులెలా ఉన్నాయి?"

"శుభ్రంగా ఉన్నాయి."

"రంగు?"

"లేత పసుపు. చుట్టూ సన్నగా నీలం అంటుకుంది. అది మీ అద్దంలోదే."

"ముందు వైపు ఒంటి అద్దమైతే ఆ మాత్రం రంగు అంటుతుందిలే. ఇంకా కనపడుతోందా?"

"ఆఁ. గబగబా పోతోంది, ఎవరో తరుముతున్నట్టు. గొట్టం జరపండి. అటు కాదు, ఎడమకి. ఇంకొంచెం... చాలు."

ఆయన జరుపుతుంటే ఆవిడ చూస్తూ చెప్పింది. భూమి పక్కనించి పోతున్న ముప్పై మీటర్ల రాయిని మా డాబా మీద చూసింది ఒక్క మనిషి. మిగతా అందరం ఆ మనిషి చెప్పింది విన్నాం. టైలరు రెండుసార్లు గొంతు సవరించుకుని, "అమ్మా, మాకింకోసారి..." అన్నాడు.

"మీకు సూదే కనపడుతుంది. నిలబడండి," అంది అత్తయ్య.

పావుగంట తర్వాత ఆవిడే కన్ను తీసింది. "వెళ్ళిపోయింది." చుట్టూ చూసి, "ఏమిటలా చూస్తారు?" అని, మోకాళ్ళు పట్టుకుని మెట్ల వైపు నడిచింది. మామయ్య మోచెయ్యి అందించారు. ఆవిడ పట్టుకుంది. టైలరు ట్యాంకు చాటునించి బయటికొచ్చి, "ఇంక కళ్ళజోడు తీసుకోవచ్చా?" అని నన్నడిగాడు.

మర్నాడు పొద్దున షాపు తెరవకముందే కంటి వైపు అద్దాన్ని ఊడదీసి నంబరు చూసే మిషనులో పెట్టాను. చిన్న చీటీ బయటికొచ్చింది. బల్లపరుపుగా ఉండాల్సిన పక్క బల్లపరుపుగా లేదు. ఒక పక్కకి రవ్వంత ఎక్కువ ఒంపు. అత్తయ్య కార్డు తీసి పక్కన పెట్టాను. గీతల్ని చుక్కలు చేసే అంకె చీటీలో ఎంతుందో కార్డులోనూ అంతే ఉంది. ఆ అద్దంతో ఆకాశం సరిగ్గా కనపడే మనిషి ఊరంతటికీ ఒక్కతే. ఆవిడ నిజమే చెప్పింది.

చీటీ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. మామయ్య చక్రం తుడుస్తున్నారు. చీటీ చదివి గోడ వైపు చూశారు. బల్లపరుపు అచ్చు చివరి మేకుకి మూడు నెలల దుమ్ముతో అలాగే వేలాడుతోంది. మొదటి మేకు అచ్చు కడిగి తుడిచి మిలమిలలాడుతోంది.

"దాని ఒంపు కంటికి ఆనదు," అన్నారు. "వేలితో తడిమినా బల్లపరుపే అనిపిస్తుంది."

"చూడకుండా తీశారా?"

"ఎప్పుడు చూసి తీశాను గనక? చెయ్యి అక్కడికే పోతుంది."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు. నాకు మాత్రం అప్పటిదాకా దాచింది ఇంక దాచబుద్ధి కాలేదు. "మామయ్యా, ఆ రోజు అత్తయ్యకి బాగా కనపడింది మిషను గొప్పతనం కాదు. మీ కళ్ళజోడు నాలుగేళ్ళ కిందటి నంబరుది. నంబరు మారింది. నాకప్పుడే తెలుసు. చెప్పలేదు."

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నాలుగేళ్ళుగా ఆవిడ కళ్ళు పరీక్ష చేయించాలని నాకూ తట్టలేదు," అన్నారు. "ఊళ్ళోవాళ్ళందరివీ చూశాం. ఆ కార్డు ఇలా ఇవ్వు."

నాలుగు రోజులు చక్రం తిరిగింది. అయిదో రోజు మధ్యాహ్నం, సరిగ్గా షాపు నిండా జనం ఉన్నప్పుడు, మామయ్య కొత్త కళ్ళజోడు తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టారు. మాష్టారు పేపరు దించారు. టైలరు కొత్త అద్దాల్లోంచి గుడ్లప్పగించి చూస్తున్నాడు. మా ఆయన తన మిషను ఆపేశాడు. అత్తయ్య పెట్టుకుంది. చార్టు చూసింది. వీధి చూసింది. ఒక్క అబద్ధం, అత్తయ్యా, ఒక్కటంటే ఒక్కటి, అని నేను లోపల దండం పెట్టుకున్నాను.

"కుడి కన్ను బాగుంది," అంది. "ఎడమది, ఆఖరి వరసలో రెండో అక్షరం కొంచెం మసక. మిషనువే నయం."

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఎంత మసక?" అన్నారు మామయ్య.

"వెంట్రుకవాసి."

"ఇటివ్వు." కళ్ళజోడు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళారు. అత్తయ్య కూడా లేచి వెనకే వెళ్ళింది. కాసేపటికి తలుపు సందులోంచి మాటలు వినపడ్డాయి.

"అంత పొడి ఎందుకు?"

"నీకేం తెలుసు?"

"నలభై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, నాకు తెలీదా?"

"అయితే నువ్వే అరగదియ్యి."

"అరగదీస్తాను, జరగండి."

టీలు పెట్టి రెండు గ్లాసులు లోపలికి పట్టుకెళ్ళాను. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. మామయ్య ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది," అన్నారు.

"మోచేతి పక్కనే ఉంది డబ్బా, కనపడదూ?" అంది అత్తయ్య.

నేను అలవాటుగా నోరు తెరిచాను. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. గుమ్మంలో కాసేపు నిలబడి, నా రెండో ఉద్యోగం ఊడిందని అర్థమై, ముందు గదిలోకి వచ్చి వరసలో తర్వాతి మనిషిని పిలిచాను.